ఎయిర్‌బ్యాగ్‌లు, ఏబీఎస్ లాంటివి చట్టమే తప్పనిసరి చేయాలా, కొనేవాళ్ల ఇష్టానికి వదిలేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎనిమిది తొమ్మిది లక్షల్లో మొదటి కారు కొంటున్నారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. మీ బావగారేమో "గవర్నమెంటు ఇవన్నీ తప్పనిసరి చేసి రేట్లు పెంచేస్తోంది, జాగ్రత్తగా నడిపేవాడికి ఇవన్నీ దేనికి, ఎవరికి కావాలంటే వాళ్లు డబ్బు పెట్టి వేయించుకుంటారు కదా" అంటున్నారు. చట్టం ఇలా బలవంతం చేయడం సబబేనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. సబబే. చేయాల్సిందే. అలాగని కనిపెట్టిన ప్రతిదాన్నీ తప్పనిసరి చేయమనను. కొనేవాడు షోరూమ్‌లో నిలబడి చూసి తేల్చుకోలేనివి, పెట్టిన ఖర్చుకి ప్రాణాలు నిలుస్తాయని రుజువైనవి, వీటిని చట్టం తప్పనిసరి చేయాలి. మిగతావి మార్కెట్‌కి వదిలేయొచ్చు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మన దగ్గర ఈ చట్టం షోరూమ్ గేటు దాకా వచ్చి ఆగిపోతోంది. బండి రోడ్డెక్కాక అందులో ఏముందో, ఏం పోయిందో అడిగే నాథుడు లేడు. నా గొడవంతా ఎక్కువగా దాని గురించే.

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్ని. విజయవాడలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. యాక్సిడెంటు అయిన బండి దగ్గరికెళ్లి ఫొటోలు తీసి, ఏవి మార్చాలో ఏవి బాగుచేయొచ్చో చూసి, నష్టం ఎంతో రిపోర్టు రాస్తాను. సగం రోజులు ఆటోనగర్ షెడ్లలో, మిగతా సగం హైవే పక్కన స్పాట్ సర్వేల్లో గడిచిపోతాయి. కారు డిజైన్ చేయడం గురించి నాకు పెద్దగా తెలియదు. గుద్దుకున్నాక ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది మాత్రం చూడగానే చెప్పగలను.

ముందు మీ బావగారి "జాగ్రత్తగా నడిపేవాడికి దేనికి" అన్న మాట. నా దగ్గరికి వచ్చే క్లెయిముల్లో "నా తప్పేం లేదు సార్" అనేవాళ్లే ఎక్కువ. నవ్వుకోకండి, చాలాసార్లు అది నిజమే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండిని వెనకనుంచి గుద్దితే, డివైడర్ దాటి అవతలి లారీ వచ్చి పడితే, మన జాగ్రత్త ఏం చేస్తుంది?

"కావాల్సినవాళ్లే వేయించుకుంటారు" అన్న మాట ఇంకా తేడా. కారు కొనేది ఒకరు, అందులో కూర్చునేది వేరేవాళ్లు. మీ అమ్మగారు కూర్చుంటారు, పిల్లలు కూర్చుంటారు. ట్యాక్సీ అయితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూర్చుంటారు. ఆరేళ్ల తర్వాత మీ కారు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునే కుర్రాడు మీరు ఈరోజు తీసుకున్న వేరియంట్‌తోనే సరిపెట్టుకోవాలి. వాళ్లెవరినీ సేల్స్‌మన్ "సార్, ఎయిర్‌బ్యాగ్ కావాలా" అని అడగడు.

పైగా 2019కి ముందు సంగతి మీకు గుర్తుందో లేదో. అప్పట్లో చిన్న కార్లలో చాలావాటి బేస్ వేరియంట్‌లో (అన్నిటికన్నా తక్కువ రేటు రకంలో) ఒక్క బ్యాగ్ కూడా ఉండేది కాదు. అది కావాలంటే టాప్ వేరియంట్‌కి వెళ్లాలి. అల్లాయ్ వీల్స్, మ్యూజిక్ సిస్టమ్, వెనక వైపర్, వీటన్నిటికీ కలిపి లక్ష, లక్షన్నర ఎక్కువ కట్టాలి. అంటే ప్రాణం కాపాడే వస్తువుని పాటల డబ్బాతో కలిపి కట్టి అమ్మారు. జనం పాటల డబ్బా వద్దనుకున్నారు, దాంతోపాటు బ్యాగ్ కూడా పోయింది. "జనానికి సేఫ్టీ అక్కర్లేదు" అని కంపెనీలు ఏళ్ల తరబడి చెప్పిన మాట వెనక ఉన్న కథ ఇదే.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దగ్గర బాగా అమ్ముడయ్యే అయిదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. అన్నీ బ్యాగులు లేని బేస్ మోడల్సే. పెద్దవాళ్ల రక్షణకి ఇచ్చే అయిదు స్టార్లలో ఒక్క కారుకీ ఒక్కటీ రాలేదు, అన్నిటికీ సున్నాయే. ఆ పరీక్షలో నాకు ముఖ్యంగా కనిపించింది ఆ సున్నా కాదు. ఫిగో, పోలోల బాడీ కూలిపోకుండా నిలబడింది. అవే కార్లని రెండు బ్యాగులతో పరీక్షిస్తే నాలుగేసి స్టార్లు వచ్చాయి. మిగతా మూడింట్లో మాత్రం బాడీయే నలిగిపోయింది. వీటికి బ్యాగులు తగిలించినా పెద్దగా ఒరిగేదేమీ లేదని ఆ సంస్థే చెప్పింది.

అందుకే బ్యాగుల లెక్క కన్నా బాడీ ముఖ్యం అంటాను. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ముందు కొంచెం చోటు కావాలి. స్టీరింగే వెనక్కి తోసుకొచ్చి గుండెకి ఆనితే బ్యాగ్ ఎక్కడ ఉబ్బుతుంది? ఆ చోటు మిగల్చాల్సింది ముందు అద్దం పక్కన ఉండే స్తంభం (A-పిల్లర్), డోరు కింది గడప (డోర్ సిల్), కింద పొడుగునా ఉండే ఇనుప దూలాలు (లాంగ్ మెంబర్లు). వీటిలో ఏ స్టీలు వాడారో, ఎన్నిచోట్ల స్పాట్ వెల్డ్ వేశారో షోరూమ్‌లో మీరే కాదు, ఇరవై రెండేళ్ల సర్వీసున్న నేనూ చెప్పలేను. డోరు వేసినప్పుడు "ధబ్" మని గట్టిగా చప్పుడొస్తే గట్టి బండి అనుకుంటారు చూడండి, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇలా కొనేవాడి కంటికి కనపడనిదాన్ని ఎవరో ఒకరు పరీక్షించి తీరాలి. చట్టం అవసరం మొదలయ్యేది అక్కడే.

మన దేశంలో అది ఆలస్యంగానే మొదలైంది. ముందునుంచి, పక్కనుంచి గుద్దించి చేసే పరీక్షలు కొత్త మోడళ్లకి 2017 అక్టోబరు నుంచి, అన్ని కార్లకి 2019 అక్టోబరు నుంచి తప్పనిసరి అయ్యాయి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ అయి జారకుండా చూసే ఏబీఎస్ కొత్త మోడళ్లకి 2018 ఏప్రిల్ నుంచి, పాతవాటికి 2019 ఏప్రిల్ నుంచి వచ్చింది. 2019 జూలై 1 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ముందు సీట్లకి బెల్టు గుర్తుచేసే బీప్, స్పీడు హెచ్చరిక, రివర్స్ సెన్సర్లు వచ్చాయి. పక్క సీటుకి కూడా బ్యాగ్ ఉండాలన్నది 2021లో వచ్చింది. కరోనా వల్ల గడువు ఒకసారి పొడిగించి, చివరికి ఆ ఏడాది ఆఖరుకి పాత మోడళ్లకీ వర్తింపజేశారు. మీరు ఇప్పుడు ఏ కారు తీసుకున్నా ఇవన్నీ ఉంటాయి. మీ బావగారు తిడుతున్న చట్టం చేసిన పని అదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. ముందునుంచి గుద్దించే పరీక్షకి మన చట్టం పెట్టిన వేగం గంటకు 56 కిలోమీటర్లు. స్టార్లు ఇచ్చే పరీక్షకి 64. ఎనిమిదే కదా తేడా అనిపిస్తుంది. కానీ గుద్దులో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 64 దగ్గర శక్తి దాదాపు 30 శాతం ఎక్కువ. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120కి అనుమతి ఉంది. అక్కడ లెక్కేస్తే 64 దగ్గరున్న శక్తికి మూడున్నర రెట్లు. అయిదు స్టార్ల కారు కొన్నామని 120, 130 మీద వెళ్లేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

ఇక ఆరు బ్యాగుల సంగతి. మీ బావగారి వాదనకి ఇదే గట్టి సాక్ష్యం కాబట్టి దాచకుండా చెప్తాను. 2022 జనవరిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది, అక్టోబరు 1 తర్వాత తయారయ్యే కార్లన్నిటికీ పక్కనుంచి గుద్దితే తెరుచుకునే పక్క బ్యాగులు, కిటికీల మీదుగా పరుచుకునే కర్టెన్ బ్యాగులు కలిపి ఆరు ఉండాలని. తర్వాత ఏడాది వాయిదా వేశారు. 2023 సెప్టెంబరులో కేంద్ర రవాణా మంత్రి గడ్కరీగారు తప్పనిసరి చేయబోమని చెప్పేశారు. ఆ మరుసటి నెలలోనే హ్యుందాయ్ తన మోడళ్లన్నిటికీ ఆరు బ్యాగులు ఇస్తామని ప్రకటించింది. 2025 వచ్చేసరికి ఆల్టో కె10కి కూడా ఆరు వచ్చాయి. చట్టం లేకుండానే జరిగింది కదా అని మీ బావగారు అడిగితే, అవును, జరిగింది. కానీ ఊరికే జరగలేదు. తలమీద చట్టం కత్తి వేలాడిన రెండేళ్లలో కంపెనీలు సప్లయర్లని సిద్ధం చేసుకున్నాయి. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశమే స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి. అది స్వచ్ఛందమే, కానీ స్టార్లు యాడ్‌లో వేసుకోవాలంటే పరీక్షకి వెళ్లాలి. 2018 డిసెంబరులో టాటా నెక్సన్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు స్టార్లు వచ్చినప్పటినుంచే ఆ పోటీ మొదలైంది. మార్కెట్ పనిచేసింది, నిజమే. బయటివాళ్లెవరో పరీక్షించి, కొనేవాడి చేతిలో మార్కుల కాగితం పెట్టాకే పనిచేసింది.

ఆరు బ్యాగుల నియమం ఆగిపోయినందుకు నేను మరీ బాధపడలేదు. అంతకన్నా ముందు చేయాల్సిన పనులు ఉన్నాయని నా అభిప్రాయం. మొదటిది ఈఎస్‌సీ. మలుపులో బండి పట్టు తప్పి జారబోతుంటే ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేసి దారిలోకి తెచ్చే ఏర్పాటు. అమెరికా రవాణా భద్రతా విభాగం దీన్ని తప్పనిసరి చేసేముందు వేసిన అంచనా ప్రకారం, ఇంకో బండి ప్రమేయం లేకుండా జరిగే ప్రమాదాలు మామూలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయి. 2012 మోడల్ నుంచి అక్కడ అన్ని కార్లకీ ఉండి తీరాల్సిందే. ఇది డ్రైవరు ఏమీ చేయకుండానే పనిచేస్తుంది, ఏబీఎస్ ఉన్న బండికి అదనంగా కావాల్సింది కొంచెమే. మన భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు స్టార్లు, ఆపైన రావాలంటే ఇది ఉండాలి. స్టార్ల కోసం కాకుండా సీదాగా చట్టంలోనే పెట్టాల్సింది అంటాను.

రెండోది, అన్నిటికన్నా పాతది, చవకది. సీటు బెల్టు.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి. గుద్దుకున్న బండిని చూసి, లోపలివాళ్లు బెల్టు పెట్టుకున్నారో లేదో చెప్పేయొచ్చు. బెల్టు వెనక చిన్న పేలుడు మందు లాంటిది ఉంటుంది, గుద్దు తగలగానే అది బెల్టుని బిగించేసి లాక్ చేస్తుంది. బెల్టు బయటికి సాగి, వదులుగా వేలాడుతూ లాక్ అయి ఉంటే పెట్టుకున్నారని. పిల్లర్‌కి అతుక్కుపోయి కదలకుండా ఉంటే పెట్టుకోలేదని. పెట్టుకున్నవాళ్ల బెల్టు మీద, పైన కొక్కెం దగ్గర, కాలినట్టు ఒక గీత పడుతుంది. మనిషి బరువంతా ఒక్క క్షణంలో లాగితే పడే గీత అది. డ్రైవరు నాతో "బెల్టు పెట్టుకున్నాను సార్" అంటాడు. నేను ఏమీ అనను, బెల్టు వైపు చూస్తాను. అతను తల దించుకుంటాడు.

నందిగామ దగ్గర ఒక కేసు. ఆగి ఉన్న ట్రాలీని కారు గుద్దింది. ముందు ఇద్దరికీ బెల్టులున్నాయి, రెండు బ్యాగులూ తెరుచుకున్నాయి. బండిని బట్టి చూస్తే వాళ్లిద్దరూ లేచి నడవాల్సినవాళ్లే. కానీ డ్రైవరు సీటు వీపు భాగం ముందుకి వంగిపోయి ఉంది. ముందునుంచి గుద్దితే సీటు వెనకనుంచి ముందుకి ఎందుకు వంగుతుంది? వెనక కూర్చున్న పెద్దావిడ బెల్టు లేకుండా వచ్చి ఆ సీటుని గుద్దారు. ఆవిడ పోయారు. నడుపుతున్న ఆవిడ కొడుక్కి వెన్నుపూస విరిగింది. అతని బెల్టూ పనిచేసింది, బ్యాగూ పనిచేసింది. వెనకనుంచి వచ్చిపడిన బరువుకి రెండింటిలో దేని దగ్గరా మందు లేదు.

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీగారు పోయింది వెనక సీట్లో, బెల్టు లేకుండానే. అది ఖరీదైన, మంచి పేరున్న కారే. మన దగ్గర 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో నందమూరి హరికృష్ణగారు తానే నడుపుతూ కారులోంచి బయటికి పడిపోయారు. బెల్టు లేదని పోలీసులు చెప్పారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022 ఒక్క సంవత్సరంలో బెల్టు పెట్టుకోక పోయినవాళ్లు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384, మిగతావాళ్లు 8,331. అంటే సగానికి సగం స్టీరింగ్ పట్టుకోనివాళ్లే.

బెల్టు లేనివాడికి బ్యాగ్ మిత్రుడు కూడా కాదు. సెకనులో దాదాపు ముప్పయ్యో వంతులో అది ఉబ్బుతుంది. బెల్టు మనిషిని వెనక్కి పట్టి ఉంచితే, బ్యాగ్ పూర్తిగా ఉబ్బాక తల దానికి ఆనుతుంది. బెల్టు లేకపోతే ఉబ్బుతున్న బ్యాగ్ మీదికే మనిషి వెళ్లిపడతాడు. చట్టం ఎలా రాశారన్నది కూడా ముఖ్యం అనడానికి అమెరికా అనుభవమే ఉదాహరణ. బెల్టు పెట్టుకోని మగమనిషిని కూడా ఆపగలగాలి అన్నట్టు అక్కడ పరీక్ష పెట్టారు. దాంతో కంపెనీలు బ్యాగుల్ని చాలా బలంగా తెరుచుకునేలా చేశాయి. 1990లలో ముందు సీట్లో ఉన్న చిన్నపిల్లలు, పొట్టిగా ఉన్న ఆడవాళ్లు కొందరు బ్యాగ్ దెబ్బకే చనిపోయారు. తర్వాత నియమం మార్చి, బలం తగ్గించారు. కాబట్టి చట్టం అనగానే మంచిదని చెప్పను. తప్పు చట్టం మనుషుల్ని చంపుతుంది కూడా. దిద్దుకునే అలవాటు ఉంటే పరవాలేదు.

జనం సంగతీ అంతే. 1974 మోడల్ కార్లలో అమెరికావాళ్లు బెల్టు పెట్టుకుంటేగానీ ఇంజిను స్టార్ట్ అవ్వని ఏర్పాటు పెట్టారు. పక్క సీట్లో కూరగాయల సంచి పెట్టినా బండి కదిలేది కాదు. జనం ఎంత గొడవ చేశారంటే, అదే ఏడాది అక్టోబరులో వాళ్ల పార్లమెంటు (కాంగ్రెస్) ఆ నియమాన్ని రద్దు చేసి, బీప్ కూడా ఎనిమిది సెకన్లకి మించి మోగాలని అడగకూడదని రాసింది. మనవాళ్లు అంత గొడవ చేయరు, సైలెంట్‌గా పని కానిస్తారు. బెల్టు బీప్ రాకుండా బకిల్‌లో గుచ్చే ఇనుప క్లిప్పులు ఆన్‌లైన్‌లో వంద రూపాయలకి అమ్మారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అయిదు ఈ-కామర్స్ కంపెనీలకి నోటీసులిచ్చి 13,118 లిస్టింగులు తీయించింది. అయినా ఆటోనగర్‌లో అడిగితే ఇప్పటికీ దొరుకుతాయి. కొన్ని క్లిప్పులకి బీర్ ఓపెనర్ కూడా అతికించి ఉంటుంది. అది తయారుచేసినవాడికి తన కస్టమర్ ఎవరో బాగా తెలుసు.

ఇప్పుడు నా అసలు గొడవకి వస్తాను. షోరూమ్ దాటాక ఏం జరుగుతుందో చూడండి.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న ఏడెనిమిదేళ్ల కారు వచ్చిందనుకోండి. బ్యాగులు, డ్యాష్‌బోర్డు, బెల్టులు, కంట్రోల్ యూనిట్, అన్నీ మార్చాలి. ఎస్టిమేట్ ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటిపోతుంది. అప్పుడు దాన్ని టోటల్ లాస్ (బాగుచేయడం గిట్టదని) కింద తేల్చి, మిగిలిన బండిని సాల్వేజ్ కింద అమ్మేస్తాం. ఇందులో తప్పేం లేదు, రూలే అది. సాల్వేజ్ కొన్నవాడు ఆ బండిని పాడేయడు కదా. బాడీ లాగిస్తాడు, పెయింట్ కొట్టిస్తాడు, డ్యాష్‌బోర్డు పగులుకి అతుకు వేయిస్తాడు. బ్యాగులు మాత్రం వేయడు, ఎందుకంటే లాభమంతా దానికే పోతుంది. ఒకసారి నేను రెండోసారి యాక్సిడెంటు అయిన ఒక కారు సర్వే చేశాను. స్టీరింగ్ మధ్య మూత ఊడింది. లోపల బ్యాగ్ ఉండాల్సిన చోట పాత బనీను గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఆ కారు కొనుక్కున్న స్కూల్ మాస్టారుకి నేను చెప్పేదాకా ఆ సంగతి తెలియదు. చెయ్యి విరిగి కట్టుతో ఉన్నాడు. "రెండు బ్యాగులున్నాయనే ఈ బండి తీసుకున్నానండి" అన్నాడు.

సొంత కారుకి పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్ష లేదు. ఈ మధ్యలో చేతులు ఎన్ని మారినా, ఏం పీకేసినా, చూసేవాళ్లు లేరు. ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు ఆర్‌టీఓ ఆఫీసులో చూసేవి కాగితాలే. టోటల్ లాస్ అయిన బండి మళ్లీ రోడ్డెక్కాలంటే బ్యాగులు, బెల్టులు ఉన్నాయని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి అన్న ఒక్క నియమం తెస్తే, ఆరు బ్యాగుల నియమం కన్నా ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

మంచి కార్లని మనమే ఎలా పాడుచేసుకుంటామో కూడా చెప్పాలి. ముందు బంపర్‌కి ఇనుప గార్డు వేయిస్తారు. చిన్న దెబ్బలకి బంపర్ పగలదని. బంపర్, దాని వెనక భాగాలు నలిగితేనే దెబ్బ మెత్తబడుతుంది. గార్డు ఉంటే ఆ దెబ్బ సీదా చాసిస్‌కి వెళ్తుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్‌కి అందాల్సిన సంకేతం కూడా మారిపోతుంది. నడిచేవాళ్లకైతే అది గునపమే. 2017 డిసెంబరులోనే కేంద్రం వీటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. మీ వీధిలో ఎన్ని కార్లకున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. పక్క బ్యాగ్ సీటులోనే ఉండే కార్లకి మందపాటి సీటు కవర్లు కుట్టించడం ఇంకొకటి. బ్యాగ్ బయటికి రావాల్సిన కుట్టు మీదే ఇంకో కుట్టు వేస్తారు.

"ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు, కంపెనీ మీద కేసు వేస్తా" అని చాలామంది నాతో అంటారు. కొన్నిసార్లు నిజంగా లోపం ఉండొచ్చు. నేను చూసినవాటిలో ఎక్కువ మటుకు లారీ కిందికి దూరిపోయిన కేసులు. కారు బంపరూ లాంగ్ మెంబర్లూ లారీ కిందనుంచి వెళ్లిపోతాయి, దెబ్బంతా అద్దానికి, పైకప్పుకి తగులుతుంది. బ్యాగ్ ఎప్పుడు తెరవాలో సెన్సర్‌కి తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. లారీల వెనక అడ్డకడ్డీ ఉండాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. కడ్డీలు ఉంటాయి కూడా, చేత్తో ఊపితే ఊగేవి. వెనక లైట్లు ఉండవు, రిఫ్లెక్టర్ టేపు మట్టి పట్టి ఉంటుంది. మీ కారులో ఎన్ని పెట్టినా, ముందున్న లారీకి చట్టం వర్తించకపోతే సగం ఫలితమే.

ఖర్చు సంగతి. మీ బావగారి మాటలో నేను గౌరవించేది ఇదే. 2022లో రోడ్ల మీద పోయిన 1,68,491 మందిలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. కారు రేటు ముప్పై వేలు పెరిగితే, బైకు మీద నలుగురు వెళ్లే కుటుంబం ఇంకో రెండేళ్లు బైకు మీదే వెళ్తుంది. బైకు కన్నా రెండు స్టార్ల కారు నయమే. వానలో స్కూటర్ మీద తడుస్తూ వెళ్లే కుటుంబాన్ని చూసే రతన్ టాటాగారు నానో తలపెట్టారు. ఆ నానోకే 2014లో సున్నా వచ్చింది. ఈ చిక్కుకి నా దగ్గర సులువైన జవాబు లేదు. అందుకే ముందు చవకైనవి తప్పనిసరి చేయమంటాను. అన్ని సీట్లకీ బెల్టు బీప్, ఈఎస్‌సీ, గట్టి బాడీ. తర్వాతే బ్యాగుల సంఖ్య.

ఖర్చు గురించి మా ఇన్సూరెన్స్ శాఖ మీద కూడా ఒక మాట. మీ కారు థర్డ్ పార్టీ ప్రీమియం (అవతలివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది) ఇంజిను సీసీని బట్టే ఉంటుంది. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం ఏడాదికి 1000 సీసీ లోపు 2,094, 1500 దాకా 3,416 రూపాయలు. సొంత డ్యామేజీ ప్రీమియం బండి విలువని, వయసుని బట్టి. సున్నా స్టార్ల కారుకీ అయిదు స్టార్ల కారుకీ ఇందులో తేడా లేదు. దొంగతనం జరగకుండా గుర్తింపు పొందిన పరికరం పెడితే మాత్రం పాత టారిఫ్ (రేట్ల పట్టిక) నుంచీ చిన్న డిస్కౌంటు ఉంది, రెండున్నర శాతం, 500 రూపాయలకి మించకుండా. బండిని కాపాడితే రాయితీ, మనిషిని కాపాడితే సున్నా. ప్రీమియంలో ఆ తేడా చూపిస్తే మీ బావగారు కోరుకున్న మార్కెట్టే సగం పని చేసిపెట్టేది.

ఇక చట్టం జోలికి ఇప్పుడే రాకూడదనుకునేవి: లేన్ తప్పితే స్టీరింగ్ లాగేవి, దానంతట అదే బ్రేకు వేసేవి. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ ఇలాంటివి తప్పనిసరి. అమెరికా 2024లో ఇచ్చిన నియమం ఆటోమేటిక్ బ్రేకుకి 2029 సెప్టెంబరు గడువు పెట్టింది. అక్కడ రోడ్డు మీద గీతలుంటాయి, వాటి మధ్యే నడుస్తారు. మా స్నేహితుడి కారులో ఇవన్నీ ఉన్నాయి. జగ్గయ్యపేట దాటాక గేదె అడ్డొస్తే అతను పక్కకి తిప్పాడు, స్టీరింగ్ మళ్లీ గేదె వైపే లాగింది. బైకువాడు అడ్డంగా దూరితే కారు ఠక్కున ఆగుతుంది, వెనకొచ్చే లారీకి ఆ తెలివి ఉండదు. కావాల్సినవాళ్లు కొనుక్కోవచ్చు, బాగున్న హైవే మీద పనికొస్తాయి కూడా. అందరి మీదా రుద్దే రోజు ఇంకా రాలేదు.

మీ కొనుగోలు గురించి. ఒకే మోడల్‌లో కింది వేరియంట్ తీసుకున్నా సరే, ఈఎస్‌సీ ఉందో లేదో కాగితం మీద చూపించమనండి. స్టార్లు ఏ వేరియంట్‌కి, ఏ సంవత్సరంలో వచ్చాయో అడగండి. సన్‌రూఫ్‌కి పెట్టే డబ్బుతో మంచి చైల్డ్ సీటు కొనండి, కారు సీటులో చైల్డ్ సీటు కోసమే ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకి తగిలించేది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో ఉండాలని 2019 సవరణ చట్టంలోనే ఉంది, లేకపోతే వెయ్యి రూపాయల ఫైను. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అంటారేమో. పది కిలోల పాప, 50 కిలోమీటర్ల వేగం, సెకనులో పదో వంతులో బండి ఆగితే, మీ చేతుల మీద పడే లాగుడు సుమారు 140 కిలోలు. ఏ తల్లీ పట్టుకోలేదు.

సెకండ్ హ్యాండ్ వైపు మనసు పోతే మాత్రం ఇగ్నిషన్ ఆన్ చేసి మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు చూడండి. అది వెలగాలి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించండి, ఎవరో బల్బు తీసేసి ఉంటారు. బెల్టుల్ని నాలుగింటినీ పూర్తిగా బయటికి లాగి చూడండి, పైన చెప్పిన కాలిన గీత ఉంటే ఆ బండి ఒకసారి గట్టిగా గుద్దుకున్నట్టే.

కొత్తదే తీసుకుంటే డెలివరీ రోజు సీటు కవర్లు ఫ్రీ అంటారు. వెనక సీటు బకిల్స్‌ని కవరు కిందికి తోసి నీట్‌గా కుట్టేస్తారు. అవి పైకి తీయించాకే తాళాలు తీసుకోండి. ఏ మోడల్, ఏ వేరియంట్ చూస్తున్నారో ఇక్కడే రాస్తే, గుద్దుకున్నవాటిని చూసిన అనుభవంతో నాకు తెలిసింది చెప్తాను.